లచ్చన్న కాలివేలి దారం

చెవులున్నవాళ్లు వినండి, లేనివాళ్లు నా పెదాలు చూడండి. అనగనగా ఒక డోలు. డోలు వెనక లచ్చన్న. ముప్పై ఏళ్లు వాయించాడు. ఆ డోలే అతని రెండు చెవులూ తినేసింది. చెప్పుకోవడానికి సిగ్గు. సిగ్గెందుకయ్యా? దొంగతనం చేశాడా? మోత మోసీ మోసీ చెవి అలిసిపోయింది, అంతే! కానీ తెలిస్తే మేళంలోంచి తీసేస్తారని భయం. డోలు తప్ప అతనికి ఇంకో పని రాదు.

పెళ్లిలో తాళి కట్టేటప్పుడు పంతులు "గట్టిమేళం!" అని అరుస్తాడు. అప్పుడు డోలు దంచాలి. ఎవరైనా తుమ్మినా ఆ మోతలో కలిసిపోవాలి.

మొదటి పెళ్లిలో పంతులు, "గట్టి కొబ్బరికాయ ఇవ్వండి" అన్నాడు. లచ్చన్నకి 'గట్టి' ఒక్కటే వినిపించింది. దంచాడు. పెళ్లికూతురింకా జడ వేయించుకుంటోంది. పెళ్లికొడుకు కంగారుపడి తాళి పట్టుకుని ఆమె గదిలోకి పరిగెత్తాడు.

రెండో పెళ్లిలో లచ్చన్న భయపడి చేతులు ముడుచుకుని కూర్చున్నాడు. పంతులు మూడుసార్లు అరిచాడు. డోలు పలకలేదు. పెళ్లికూతురి మేనమామ మాత్రం పలికాడు. "హాఁచ్!" పందిరంతా విన్నది. మగపెళ్లివారు చెప్పులు వెతుక్కున్నారు. వాళ్లని బతిమాలి కూర్చోబెట్టి, ఇంకో ముహూర్తం వచ్చేలోగా వంటవాడు పప్పు మూడుసార్లు వేడిచేశాడు.

సన్నాయి వీర్రాఘవులు మేళానికి పెద్ద. లచ్చన్న మొహంలో మొహం పెట్టి అరిచాడు. "ఒరే! ఇంకొక్క పెళ్లి. అక్కడా తప్పావా, డోలు దించేయ్!"

అది మాత్రం వినిపించింది.

ఇంట్లో భార్య నూకాలు, "చెవి పోతే పోయింది. కాలుందిగా?" అంది.

"పాలా? తాగేశానే."

"నీ తలకాయ!" అని అతని కాలి బొటనవేలికి దారం కట్టింది.

మూడో పెళ్లిలో నూకాలు దారం రెండో కొస పట్టుకుని ఆడవాళ్లలో కూర్చుంది. "గట్టి చాప వెయ్యండి" అన్నారు. దారం కదల్లేదు. "గట్టిగా నవ్వకండే" అన్నారు. దారం కదల్లేదు. "గట్టిమేళం!" అన్నారు. నూకాలు బావిలో చేద లాగినట్టు లాగింది. లచ్చన్న వెల్లకిలా పడ్డాడు. కాలు పైకి, డోలు పొట్టమీదికి. అయినా దంచాడు! ఆ మేనమామే మళ్లీ వచ్చి మూడుసార్లు తుమ్మాడు. తన తుమ్ము తనకే వినపడలేదు.

వీర్రాఘవులు వచ్చి దారం చూశాడు. లచ్చన్న లేచి చేతులు కట్టుకున్నాడు.

"నాకు చెవుడు, గురువుగారూ."

"ఆఁ?"

"చెవుడండీ!"

"ఆఁ?"

"చెవుడూ!"

వీర్రాఘవులు అటూ ఇటూ చూసి వంగాడు. "మెల్లగా ఏడవరా. నాకూ అంతే. మూడేళ్లుగా నీ చేతులు చూసి ఊదుతున్నా. ఆ ముడేదో మా ఆవిడకి నేర్పమను."

తాళం వేసేవాడు కూడా కాలు చాపాడు.

చాలా ఏళ్లకి లచ్చన్న పోయాడు. ఆచారం ప్రకారం కాళ్ల బొటనవేళ్లు రెండూ కలిపి దారం కట్టారు. నూకాలు ఒకసారి లాగి చూసింది. "ఈసారి నిజంగానే వినపడలేదు" అంది.

ఇప్పటికీ ఆ వైపు కొత్తగా డోలు పట్టేవాడికి ముందు చెవుల్లో దూది పెడతారు. తరవాతే పుల్ల చేతికిస్తారు. ఇక వినపడనివాడు దాక్కోడు. కాలు చాపి, "దారం కట్టండి" అంటాడు. పక్కవాడు అతని మొహం చూసి, మళ్లీ మొదటినించీ చెబుతాడు.