జైబు నోరు తెరవలేదు

ఆ పొద్దు కమాలుద్దీన్ వేలిని జైబు కొరికింది. ఊరికే కాదు, రక్తం వచ్చేలా కొరికింది.

జైబుకు ఇంకా ఐదేళ్లు నిండలేదు. కరువు ఏడాది జ్వరాలకు తల్లీ తండ్రీ పోతే, ఎవరో తెచ్చి గుట్ట కింద బురాన్ షా ఖాన్‌కాలో, అంటే ఫకీర్ల మఠంలో, వదిలిపెట్టారు. అలా వచ్చి చేరిన పసివాళ్లు ఆ పిల్లతో పాటు ఇంకా నలుగురున్నారు. బురాన్ షా సూఫీ గురువు. నీ కులమేది, నీ మతమేది అని అడిగే మనిషి కాదు. వచ్చిన వాళ్లకు సంగటి పెట్టి, చాప పరిచి పడుకోమనేవాడు.

కమాలుద్దీన్ సంగతి వేరు. పట్నంలో పెద్ద మదర్సాలో చదువు ముగించి, మనసును నిలబెట్టే విద్య నేర్చుకోవాలని వెతుక్కుంటూ వచ్చాడు. బురాన్ షా అతన్ని ఎగాదిగా చూసి, "మంచిది నాయనా. పొద్దున్నే ఈ పిల్లల చేత పళ్లు తోమించు. వీళ్లకు తోమించేవాళ్లు లేరు, తోముకోవాలని తెలీదు," అన్నాడు.

"ఆ తర్వాత, హజ్రత్?"

"ఆ తర్వాత పుక్కిలింపించు."

ఆ మాట అన్నాక ఎండాకాలం దాటిపోయింది, వానలు కూడా మొదలయ్యాయి. ఇన్నాళ్లకు కమాలుద్దీన్ నేర్చుకున్నదల్లా ఒక్కటే. పసిపిల్లలంత మొండి జీవాలు భూమ్మీద లేవు.

ఫకీరప్పకు కానుగ పుల్ల ఇస్తే చెరుకు ముక్కలా నమిలి మింగేసేవాడు. ఓబులేశుకు ఉప్పు కలిపిన బొగ్గుపొడి ఇస్తే మూతికి మీసాలు దిద్దుకునేవాడు. హసీనా, మదీనా అని కవలలు. వాళ్లు నీళ్లు పుక్కిలించి ఒకరి మీద ఒకరు ఉమ్ముకునేవాళ్లు. "తోముకున్నారా?" అంటే "ఓ!" అని నోళ్లు తెరిచి చూపేవాళ్లు. రాత్రి తిన్న గోంగూర పళ్ల సందుల్లో పచ్చగా నవ్వుతుండేది.

మొదట్లో కమాలుద్దీన్ వాళ్లను వరసగా కూచోబెట్టి, శుభ్రత గురించి తను చదువుకున్నదంతా చెప్పాడు. ఓబులేశు నిద్రపోయాడు. తర్వాత కథలు చెప్పాడు. కథలు విన్నారు, పళ్లు తోముకోలేదు. ఆ తర్వాత కసరడం మొదలుపెట్టాడు. దానికి మాత్రం అందరూ బాగా అలవాటుపడ్డారు.

జైబు అయితే పుల్ల కనబడితే చాలు, పరుగే. ఆ పొద్దు లేచేసరికి ఆ పిల్ల కుడి చెంప బూరెలా పొంగి ఉంది. ఒళ్లు వెచ్చగా కాలుతోంది. రాత్రి కూడా ఏమీ తినలేదట. పంటి దగ్గర ఏదో అయిందని తెలుస్తూనే ఉంది, తెరిచి చూపిస్తే గదా! కమాలుద్దీన్ బతిమాలాడు. బెల్లం ముక్క చూపించాడు. బెదిరించాడు. చివరికి ఓపిక చచ్చి, ఆ పిల్లను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, దవడ పట్టి నోట్లోకి వేలు దూర్చాడు.

అప్పుడు కొరికింది.

కమాలుద్దీన్ పెట్టిన కేకకు గూట్లో పావురాలు లేచిపోయాయి. జైబు వెళ్లి జొన్నల కాగు వెనక నక్కి, రెండు చేతులతో నోరు మూసుకుని కూచుంది. మధ్యాహ్నమైనా ఆ చేతులు తియ్యలేదు. అంబలి ఇస్తే వద్దంది. నీళ్లిచ్చినా వద్దంది.

బురాన్ షా వేపచెట్టు నీడన బొంత కుట్టుకుంటున్నాడు. కమాలుద్దీన్ వేలికి గుడ్డ చుట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"హజ్రత్, నాకింకే పనైనా చెప్పండి. నీళ్లు మోస్తాను. గుట్ట మీద రాళ్లు కొట్టమంటే కొడతాను. ఈ పని నావల్ల కాదు."

"ఏమైంది?"

"వాళ్లు పిల్లలు కాదు, పిడుగులు. నేను వాళ్ల మంచికే గదా చేస్తున్నాను! ఆ జైబు చూడండి, చెంప వాచి నీళ్లు కూడా తాగట్లేదు. నోరు తెరవవే తల్లీ అంటే వేలు కొరికింది. తెరిస్తే ఏం పోతుంది? ఒక్క నిమిషం తెరిస్తే ఏం పోతుంది?"

బురాన్ షా సూది బొంతకు గుచ్చి పక్కన పెట్టాడు.

"ఏమీ పోదు. రా, ఇక్కడ పడుకో."

"నేనా?"

"నువ్వే. తల నా ఒళ్లో పెట్టు. నోరు తెరువు."

కమాలుద్దీన్‌కు సిగ్గేసింది. కాని గురువు మాట. వెల్లకిలా పడుకుని నోరు తెరిచాడు. బురాన్ షా ఒక కానుగ పుల్ల చివరను కుంచెలా చితక్కొట్టి చేతిలోకి తీసుకున్నాడు. మరో చేత్తో శిష్యుడి గడ్డం పట్టుకున్నాడు. మెత్తగానే పట్టుకున్నాడు.

కింద నుంచి చూస్తే గురువు గురువులా లేడు. తలకిందులైన గడ్డం, రెండు పెద్ద ముక్కుపుటాలు, వాటి మీదుగా దిగి వస్తున్న పుల్ల. అది ఎక్కడ తగులుతుందో తెలీదు. మాట్లాడడానికి లేదు. గొంతులో ఉమ్మి ఊరుతోంది, మింగడానికి లేదు. పుల్ల పెదవి దాటింది.

కమాలుద్దీన్ దవడ దానంతటదే టక్కున మూసుకుంది. అతని చెయ్యి గురువు మణికట్టును గట్టిగా పట్టేసుకుంది.

బురాన్ షా చెయ్యి విడిపించుకోలేదు, పుల్ల లోపలికి తొయ్యనూ లేదు. అలాగే ఉండిపోయాడు.

ఎక్కడి నుంచి చూశారో, పిల్లలు చుట్టూ మూగారు. ఫకీరప్ప కిసుక్కున నవ్వాడు. వాళ్ల వెనక, నోటికి చేతులు అడ్డం పెట్టుకుని జైబు కూడా వచ్చి నిలబడింది.

"మీ మామూ నోరు తెరవట్లేదమ్మా," అన్నాడు బురాన్ షా ఆ పిల్లతో. "నాతో కావట్లేదు. నువ్వు చూస్తావా?"

పుల్ల ఆమెకందించాడు.

జైబు చాలాసేపు పుల్లనే చూసింది. నోటి మీది చేతుల్లో ఒకటి తీసింది, తర్వాత రెండోదీ తీసింది. కమాలుద్దీన్ తల పక్కన గొంతుక్కూచుని, అతని మొహంలోకి వంగింది. వాచిన చెంప వల్ల మాట ముద్దగా వచ్చింది.

"బయమా, మామూ?"

కమాలుద్దీన్ తలూపాడు.

"నొప్పేస్తే చెయ్యెత్తు. తీసేస్తా."

అతను నోరు తెరిచాడు. ఆ పిల్ల నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, ముందు పళ్ల మీద పుల్లను రుద్దింది. పుల్ల జారి చిగురుకు గుచ్చుకుంది. కమాలుద్దీన్ చెయ్యెత్తాడు.

పుల్ల ఆ క్షణమే బయటికి వచ్చేసింది.

"పోయిందా?" అనడిగింది జైబు.

"పోయింది."

"మల్లీ తెరువు."

అయిపోయాక జైబు లేచి వెళ్లి, పొద్దున చితక్కొట్టి పెట్టిన పుల్లల్లోంచి ఒక కొత్త పుల్ల తెచ్చి అతని చేతిలో పెట్టింది. ఎదురుగా కూచుంది. నోరు మాత్రం తెరవలేదు. చెయ్యెత్తింది.

కమాలుద్దీన్ ఇంకా పుల్ల కదిలించనే లేదు. అయినా ఆగాడు. జైబు చెయ్యి దించింది. పుల్ల జానెడు దూరంలో ఉండగా మళ్లీ ఎత్తింది. ఆగాడు. పెదవికి తగలగానే ఎత్తింది. ఆగాడు. మిగతా పిల్లలు చూసి చూసి విసుగెత్తి ఆటలకు పోయారు. నీడ చెట్టుకు అటువైపు తిరిగింది. కమాలుద్దీన్‌కు కాళ్లు తిమ్మిరెక్కాయి. పళ్లు నూరుకున్నాడు గానీ, చెయ్యి లేచిన ప్రతిసారీ పుల్ల వెనక్కి తీసుకున్నాడు.

ఎప్పటికో నోరు తెరుచుకుంది.

కుడివైపు వెనక పంటి పక్కన చిగురు ఎర్రగా ఉబ్బి ఉంది. అందులో జొన్న పొట్టు ఒకటి దిగబడి, కొన మాత్రం పైకి కనిపిస్తోంది. కమాలుద్దీన్ పుల్ల పక్కన పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి, గోటితో ఆ కొనను అందుకున్నాడు. ఇంకొక్క లాగు లాగితే వచ్చేస్తుంది.

జైబు చెయ్యి లేచింది.

కమాలుద్దీన్ కళ్లు మూసుకున్నాడు. దొరికిన పొట్టును వదిలేశాడు. వేలు బయటికి తీశాడు.

ఆ పిల్ల గుటక వేసింది. చెయ్యి దించి ఒళ్లో పెట్టుకుంది. ఎవరూ చెప్పకుండానే అంతకుముందు కంటే పెద్దగా నోరు తెరిచింది.

పొట్టు వచ్చింది. దాని వెంట కాస్త చీమూ నెత్తురూ వచ్చాయి. గోరువెచ్చని ఉప్పునీళ్లు పోస్తే పుక్కిలించి దూరంగా ఉమ్మి, "అంబలి," అంది జైబు. గిన్నెడు అంబలి ఎడమ దవడ వైపే తాగి, అక్కడే చాప మీద నిద్రపోయింది.

పొద్దు వాలుతుండగా కమాలుద్దీన్ వచ్చి గురువు పక్కన కూలబడ్డాడు. ఒళ్లంతా రాళ్లు కొట్టినట్టుంది.

"మధ్యాహ్నమంతా ఆగడంతోనే సరిపోయింది, హజ్రత్," అన్నాడు నీరసంగా. "ఆ పిల్లకు ఒక్క పన్ను తోమలేదు. రేప్పొద్దున మళ్లీ ఐదుగురున్నారు. ఇలాగైతే తోమడం ఎప్పటికొస్తుంది?"

బురాన్ షా బొంత మీంచి తలెత్తలేదు.

"ఆగడం వచ్చిందిగా," అన్నాడు. "తోమడం పుల్ల చూసుకుంటుంది."