బాట ముందా, ఇల్లు ముందా?

ఒకానొక చిన్న రాజ్యం, పేరు మందారగిరి. దాన్ని ఏలే రణభైరవుడు చెడ్డవాడేమీ కాడు గానీ, తన నోట ఊడిపడ్డ మాటంటే తనకే మహా ముచ్చట. ఊరి స్థలాల గురించి ఆయన రెండు శాసనాలు చేశాడు. బాట లేని చోట ఇల్లు కట్టరాదు. ఇళ్లు లేని చోట బాట వేయరాదు. సభంతా ఆహా ఓహో అంది.

ఆ ఏడు వరదకు ఏటి ఒడ్డునున్న నేతవాడ కొట్టుకుపోయింది. జనమంతా పిల్లాజెల్లాతో ఏనుగుల శాలలో తలదాచుకున్నారు. మళ్లీ వానలు దగ్గరపడ్డాయి. వాళ్ల పెద్దదిక్కు వీరక్క సభకొచ్చి మొరపెట్టుకుంది.

"అయ్యా, తూర్పు బీడు ఖాళీగా పడి ఉంది. అక్కడ ఇళ్లు వేసుకుంటాం."

"అక్కడ బాట లేదుగా!" అన్నాడు రాజు.

"బాట వేయించండి, ప్రభూ."

"అక్కడ ఇళ్లు లేవుగా!"

అనేశాక రాజుకే ఎక్కడో తేడా కొట్టింది. విడివిడిగా చూస్తే రెండు శాసనాలూ దివ్యంగా ఉన్నాయి. కలిపి చూస్తే తల తిరుగుతోంది. నిండుసభలో తెల్లమొహం వేస్తే ఇంకేమన్నా ఉందా? మీసం దువ్వి, "శాసనం శాసనమే," అన్నాడు. వీరక్క కళ్లనీళ్లు పెట్టుకుంది.

అప్పుడు ఆస్థాన విదూషకుడు కూర్మయ్య లేచాడు. "ప్రభూ, తమరే ఆ బీడు దాకా వచ్చి, కాదని అక్కడే సెలవిస్తే వీళ్లు ఇంక నోరెత్తరు."

రాజుకు ఆ మాట నచ్చింది. రాజుగారి పల్లకీ ఎటు బయల్దేరినా ముందుగా నేల చదును చేసి, కంకర పరిచి బాట వేయడం అక్కడ తాతల నాటి ఆనవాయితీ. భటులు అలాగే చేశారు.

తీరా రాజు పల్లకీ దిగేసరికి నేతవాళ్లు బీడులో గుంజలు పాతుతున్నారు!

"ఎంత ధైర్యం! బాట లేని చోట ఇళ్లా?"

"మరి తమ పల్లకీ దేనిమీద వచ్చింది, ప్రభూ?" అన్నాడు కూర్మయ్య.

రాజు వెనక్కి తిరిగాడు. నున్నటి కొత్త బాట! "ఇళ్లు లేని చోట బాట వేయించిన వెధవ ఎవ..." అని గద్దించబోయి నాలుక కరుచుకున్నాడు.

కూర్మయ్య మెల్లగా అన్నాడు: "వీళ్లను వెళ్లగొడితే ఇది ఇళ్లు లేని చోట వేసిన బాటవుతుంది, శాసనం తప్పినవారు తమరే అవుతారు. కట్టుకోనిస్తే ఏ పేచీ లేదు."

రాజు కాసేపు బాటను చూశాడు, కాసేపు గుంజలను చూశాడు. ఏమీ బోధపడలేదు. తను ఓడిపోయానని మాత్రం బోధపడింది. పకపకా నవ్వేసి, మెళ్లో హారం తీసి కూర్మయ్య మెడలో వేశాడు. "కట్టుకోండమ్మా," అన్నాడు వీరక్కతో.

పల్లకీ ఎక్కుతూ రాజు కూర్మయ్య చెవిలో అడిగాడు: "ఒరేయ్, నిజం చెప్పు. ఇంతకీ బాట ముందా, ఇల్లు ముందా?"

"ఏదైనా సరే, వానకు ముందు, ప్రభూ!"