పంపు గది అద్దం

మొదట్లో నా దగ్గర ఉన్నది మూడు వందలు.

రూపాయలు కాదు, మైక్రోసీవర్టులు. ఒంటికి తగిలే రేడియేషన్‌ను కొలిచే చిన్న కొలత అది. అణువిద్యుత్ కేంద్రానికి శిక్షణ కోసం వచ్చిన విద్యార్థికి ఆరు వారాలకూ కలిపి అంతకు మించి తగలకూడదని అక్కడి వాళ్ళు పెట్టుకున్న హద్దు. చొక్కా జేబుకు అగ్గిపెట్టెంత మీటరు తగిలిస్తూ ఆ మాట చెప్పారో లేదో, నా బుర్ర లెక్క కట్టేసింది. ఆరు వారాలు, వారానికి ఐదు రోజులు. రోజుకు పది!

తొమ్మిది సంస్థలకు నా అంతట నేనే మెయిళ్ళు పెట్టాను. ఎనిమిది చోట్ల నుంచి ఉలుకూ పలుకూ లేదు. తొమ్మిదోది ఇది. ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో మా బ్యాచ్ వాళ్ళెవరూ రియాక్టరు భవనం లోపల అడుగు పెట్టలేదు. నేను పెట్టాలి. ఇచ్చిన మూడు వందలూ ఖర్చు చేసి మరీ పెట్టాలి.

నన్ను మీరావలీ సార్‌కి అప్పగించారు. రేడియేషన్ భద్రత విభాగానికి ఆయనే పెద్ద. మనిషి సన్నగా, మాట అంతకన్నా సన్నగా ఉంటుంది. ఆయన గురించి టెక్నీషియన్ సింహాచలం మొదటి రోజే నా చెవిలో వేశాడు.

"సార్ నీడ ఉంది సూడు బాబూ, అది కూడా గోడ ఎనకాలే నడుస్తాది."

నాలుగు వారాలు గడిచాయి. మీటర్లు సరిచూడటం నేర్చుకున్నాను. నేలనూ తలుపు పిడులనూ గుడ్డముక్కతో తుడిచి, ఆ ముక్కను మీటరు కింద పెట్టి చూడటం నేర్చుకున్నాను. అంతా బయటి గదుల్లోనే. నా జేబులోని మీటరు నాలుగు చూపిస్తోంది. వారానికి ఒకటి!

"ఏటి సామ్రాట్టూ, ఖజానా అలాగే ఉన్నాదా? మూట కట్టుకుని కాలేజీకి పట్టుకెల్తావేటి?" అనేవాడు సింహాచలం. నా పేరు సామ్రాట్ కావడం అతనికి పెద్ద పండగ.

ఐదో వారంలో రియాక్టరును మరమ్మతుల కోసం ఆపారు. అప్పుడొచ్చింది నా అవకాశం.

లోపల పంపు గది ఒకటుంది. పంపు వెనక ఉష్ణోగ్రత చూపించే ముల్లు గేజీ, గోడ వైపు తిరిగి ఉంటుంది. మామూలు రోజుల్లో ఆ అంకె తీగల మీద కంట్రోలు గదికి వచ్చేస్తుంది. ఇప్పుడు ఆ తీగలే మారుస్తున్నారు. గదిలోని కెమెరా పోయినేడాదే కన్ను మూసింది. ఆరు రోజులు, రోజుకు రెండుసార్లు ఎవరో ఒకరు పంపు చుట్టూ తిరిగి వెళ్ళి ఆ ముల్లు చూసి రావాలి.

"ఎలా చూడాలో రాసుకురా" అన్నారు మీరావలీ సార్. "బాగుంటే అదే చేద్దాం."

నా కాళ్ళు నేల మీద లేవు.

గేజీ దగ్గర గంటకు వెయ్యి మైక్రోసీవర్టులు. వెళ్ళి, చూసి, రావడానికి ఎనభై సెకన్లు. ఒక్కసారికి ఇరవై రెండు పైచిలుకు. పన్నెండు సార్లకు రెండు వందల అరవై ఏడు. ఇప్పటికే అయిపోయిన నాలుగూ కలిపితే రెండు వందల డెబ్బై ఒకటి. ఇంకా ఇరవై తొమ్మిది మిగులు! ఎవరో నా కోసమే కొలిచి కుట్టించిన చొక్కాలా సరిపోయింది. పన్నెండు సార్లూ నేనొక్కడినే వెళతానని రాసి, కింద గీత గీసి, సార్ బల్ల మీద పెట్టాను.

ఆయన చదివారు. మళ్ళీ మొదటి నుంచి చదివారు.

"లెక్కలో తప్పేం లేదు" అన్నారు.

నేను అప్పటికే నవ్వుతున్నాను.

ఆయన లేచి బీరువా తీశారు. స్టీలు రేకుకు మెరుగు పెట్టి చేసిన అద్దం ఒకటి, అరచేతికన్నా కాస్త పెద్దది, తీసి నా ముఖానికి ఎదురుగా పట్టుకున్నారు.

"ఏం కనిపిస్తోంది?"

"నేనే సార్."

"అదే ఇబ్బంది."

అద్దం నా చేతిలో పెట్టి, "రేపు పొద్దున్నకల్లా ఇంకోటి రాసుకురా" అంటూ మీటింగుకు వెళ్ళిపోయారు.

నాకు ఒళ్ళు మండింది. లెక్కలో తప్పు లేదన్నారు. హద్దు దాటలేదు. ఇంక ఇబ్బంది ఏమిటి?

"జుట్టు అనుకుంటా" అన్నాడు సింహాచలం, నన్ను ఎగాదిగా చూసి. "ఈ పొదతో లోనికెల్తే టోపీ నిలబడదు బాబూ. పైడిరాజు షాపుకెల్లి కోయించుకో."

నమ్మలేదు గానీ, వెళ్ళాను. ఒకవేళ నిజంగా జుట్టే అడ్డమైతే?

టౌన్‌షిప్ గేటు పక్కనే పైడిరాజు సెలూన్. కుర్చీలో కూర్చున్నాను. ఎదురుగా పెద్ద అద్దం. అందులో నా వెనక గోడ మీది క్యాలెండరు, అంకెలన్నీ తిరగబడి. పైడిరాజు మెడ మీద కత్తెర ఆడించి, చేతి అద్దం తీసి నా తల వెనక పట్టుకున్నాడు.

"సూడండి బాబూ, ఎనకాల సరిపోయిందా?"

చూశాను. మెడ కనిపించింది. మెడ పక్కనుంచి ఇంకేదో కూడా కనిపించింది. ఎదుటి గోడ మీద, పెద్ద అద్దానికి పైన, అతను తగిలించుకున్న బోర్డు. 'ఇచ్చట రాజకీయాలు మాట్లాడరాదు.' అక్షరాలు తిరగబడలేదు. తిన్నగా ఉన్నాయి. నేను తల ఎత్తలేదు, తల తిప్పలేదు, కుర్చీలోంచి కదల్లేదు.

"అన్నా, ఆ అద్దం కొంచెం పక్కకు తిప్పు. ఇంకొంచెం. ఆఁ!"

"మెడ చూస్తున్నారా, గోడ చూస్తున్నారా?"

"గేజీ చూస్తున్నా!"

కుర్చీలోంచి లేచిపోయాను.

"బాబూ, ఎడం పక్క అవ్వలేదు!" అని పైడిరాజు కేక వేశాడు. అప్పటికే నేను రోడ్డు మీద ఉన్నాను.

సింహాచలం ఇంకా ఇంటికి వెళ్ళలేదు. అతన్ని పట్టుకుని ఖాళీ స్టోరు గదికి లాక్కెళ్ళాను. ఇనప బీరువాను పంపు అనుకున్నాం. గోడ గడియారం దింపి, గోడ వైపు తిప్పి బీరువా వెనక నిలబెట్టాం. దాని ఎదుటి గోడకు సార్ ఇచ్చిన అద్దం. తలుపు దగ్గర ఇంకో అద్దం. నేను బయట గోడ చాటున నిలబడి, విభాగంలోని బైనాక్యులర్ కళ్ళకు పెట్టుకున్నాను. మొదట తలుపు అంచు కనిపించింది. తర్వాత సింహాచలం చెవి. అద్దాన్ని వేలెడు తిప్పితే పైకప్పు. ఇంకో అరవేలు.

"నాలుగూ ఇరవై!" అని అరిచాను.

సింహాచలం తొంగి చూశాడు. "నాలుగూ ఇరవయ్యే. ఈ గడియారం ఎప్పుడో సచ్చిపోనాది, అది ఏరే సంగతి."

ఒక్క అద్దమే అయితే ముల్లు తిరగబడి ఏడూ నలభై అనిపించేది. రెండో అద్దం దాన్ని తిన్నగా చేసింది. పంపు గది బయట, గోడ చాటున గంటకు ఆరు మాత్రమే. ఒక్కోసారి ఇరవై సెకన్ల చొప్పున పన్నెండు సార్లు చూసినా మొత్తం అర మైక్రోసీవర్టు కూడా కాదు. రెండు వందల అరవై ఏడు ఎక్కడ, అర ఎక్కడ! స్టోరు గదిలోనే గంతులు వేశాను.

గంతు మధ్యలో ఆగిపోయాను.

ఇలా చేస్తే నేను లోపలికి వెళ్ళక్కర్లేదు. నేనే కాదు, చూడటానికి ఎవరూ వెళ్ళక్కర్లేదు. లోపలి అద్దాన్ని గోడకు తగిలించడానికి ఒకే ఒక్కసారి, ఒకే ఒక్క మనిషి చాలు. దానికి ముందే ఒక తాడు కట్టి ఉంచితే, పని అయ్యాక గోడ చాటునుంచే లాగేయొచ్చు. ఆ ఒక్క మనిషి కూడా చేయి తిరిగినవాడై ఉండాలి. శిక్షణకు వచ్చిన కుర్రాణ్ణి ఎవరు పంపుతారు?

జేబులో మొదటి కాగితం ఇంకా ఉంది. లెక్కలో తప్పు లేని కాగితం. కాస్త బతిమాలితే సార్ ఒప్పుకుంటారేమో కూడా.

అద్దం తీసి చూశాను. సగం క్రాఫుతో ఒక మొహం, లోపలికి వెళ్ళాలి, వెళ్ళాలి అంటోంది.

కొత్త కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టాను.

పొద్దున మీరావలీ సార్ నిలబడే చదివారు. చివరి వరుస దగ్గర ఆగారు. 'లోపలికి వెళ్ళేది' అన్న చోట నేను సింహాచలం పేరు రాశాను.

"ఏం సింహాచలం, వెళతావా?"

"ఎల్లమంటే ఎల్తాను సార్. కానీ ఆ అద్దం నానెట్టానంటే గేజీ కనబడదు, మా అత్తారి ఊరు కనబడతాది. రేత్తిరి నుంచీ అరవేలు ఇటు, అరవేలు అటు అని నా పేనం తీసేసినాడు ఈ సామ్రాట్టు."

సార్ నా వైపు తిరిగారు.

"ఆ అరవేలు ఎవరికి తెలుసు?"



"నాకు సార్."

ఆయన పెన్ను నా చేతికి ఇచ్చారు. సింహాచలం పేరు కొట్టేసి నాది రాశాను.

ఆ రోజంతా స్టోరు గదిలోనే. రెండు జతల గ్లౌజులు తొడుక్కుని, ముఖానికి మాస్కు పెట్టుకుని, బీరువా వెనక్కి వెళ్ళడం, అద్దం తగిలించడం, బయటికి రావడం. మొదటిసారి నూట పది సెకన్లు పట్టింది, తాడు కాలికి చుట్టుకుంది. సార్ స్టాప్‌వాచీ నొక్కుతూ "మళ్ళీ" అనేవారు, అంతే. సాయంత్రానికి నలభైకి దించాను. నలభై సెకన్లంటే పదకొండు. ముప్పై ఐదు కూడా వస్తుందేమోనని నా చేతులు తహతహలాడాయి.

ఇప్పుడు నేనూ సారూ బెంచీ దగ్గర ఉన్నాం.

లోపలికి వెళ్ళే దారికి అడ్డంగా వేసిన పొట్టి బెంచీ అది. ఇవతల మన చెప్పులు, అవతల పసుపు బూట్లు. ఇవతలి కాలు ఎత్తి, నేల తాకకుండా, అవతలి బూటులో పెట్టాలి. టోపీ కింద నా తల ఒక పక్క క్రాఫు, ఒక పక్క పొద. చంకలో అద్దం. గోడ చాటున నిలబడి సమయం చూసేది మీరావలీ సారే.

ఆయన నా జేబుకున్న మీటరును సరిచేశారు.

"నీ దగ్గర ఎంత ఉంది?"

"రెండు వందల తొంభై ఆరు సార్."

"ఎంత తిరిగి తెస్తావు?"

"రెండు వందల ఎనభై ఐదుకు తగ్గకుండా సార్" అంటూ కుడి కాలు ఎత్తాను.