ఊసరవెల్లికి ఇల్లు

పార్వతీపురంలో జోగారావు అనే బస్సు కండక్టరు ఉండేవాడు. పగలంతా నిలబడి నిలబడి అలసిపోయి, ఇంట్లో ఏ పని చెప్పినా ఎలాగోలా వదిలించుకుంటే చాలనుకునేవాడు.

ఒకసారి కరెంటు తీగలకు అడ్డమని వాళ్ళ వీధిలో మునగచెట్టు కొమ్మలు కొట్టేశారు. ఆ కొమ్మలతోపాటు ఒక ఊసరవెల్లి కిందపడి, కాలు విరగ్గొట్టుకుంది. జోగారావు భార్య దమయంతి దాన్ని తెచ్చి, కాలికి కట్టు కట్టింది. పిల్లల్లేని ఆ ఇంట్లో అది ఆమె కొంగు పట్టుకుని వేలాడేది.

"దీనికి మన తాహతులో ఒక ఇల్లు చూడండి. ఎలాంటిదైతే బాగుంటుందో పెంపుడు జంతువుల దుకాణంలో అడగండి," అంది భర్తతో.

డ్యూటీ దిగి, కాళ్ళీడ్చుకుంటూ జోగారావు దుకాణానికి వెళ్ళాడు. గుమ్మంలోనే అంచు పగిలిన చేపల తొట్టి కనబడింది.

"సగం ధరకే ఇస్తాను. ఇంతకీ ఏం పెంచుతారు బాబూ?" అన్నాడు దుకాణదారు.

"ఏదో ఒకటిలే, ఇచ్చెయ్," అన్నాడు జోగారావు.

తొట్టిలో పెట్టగానే ఊసరవెల్లి నల్లబడింది. తొట్టి అద్దంలో తన నీడను చూసి, మరొకటేదో మీదికొస్తోందనుకుని నోరు తెరిచి బుసకొట్టేది. పట్టుకుందామంటే కొమ్మ లేదు. గాలి ఆడదు. గిన్నెలో నీళ్ళు ముట్టలేదు. నాలుగు రోజులకు కళ్ళు లోతుకు పోయాయి.

దమయంతి అరవలేదు. తొట్టి పక్కన కూలబడి, "నాకూ ఓపిక లేదండీ. కానీ ఇది చచ్చిపోతుంటే చూడలేను," అంది.

జోగారావు తలదించుకున్నాడు. మొదటిసారి తొట్టి ముందు కూర్చుని ఆ ప్రాణిని తేరిపార చూశాడు.

"చెట్టు మీద బతికేదాన్ని గాజులో పెట్టాను," అన్నాడు మెల్లగా.

మర్నాడు సెలవు. నడుం వాల్చకుండా వెదురు బద్దలు, కిటికీకి కొట్టే దోమల జాలీ తెచ్చి, నిలువెత్తు గూడు కట్టాడు. లోపల కరివేపాకు కుండీ పెట్టి, ఆకుల మీద నీళ్ళు చిలకరించాడు. తొట్టికైనంత ఖర్చు కూడా కాలేదు. ఊసరవెల్లి కుంటుకుంటూ కొమ్మెక్కి, ఆకు మీది చుక్కలు నాలుకతో అందుకుంది. సాయంత్రానికి నలుపు విడిచి పచ్చబడింది.

"ఆ రోజే దుకాణంలో అడిగుంటే?" అంది దమయంతి.

"ఒక్క మాటతో ఈ అవస్థంతా తప్పేది," అన్నాడు జోగారావు, నడుం పట్టుకుని లేస్తూ.

నీతి: చవకగా కొనడం తప్పు కాదు; ఎవరికోసం కొంటున్నామో చూడకుండా, పని వదిలించుకోవడానికి కొనడమే తప్పు.