సుక్కాని ఒదలని ఎల్లాజీ

"గురువా, నన్నెప్పుడు సరంగుని సేస్తావు?"

ఎల్లాజీగాడు ఈ మాట అడగని సముద్రం లేదు. మా గురువు నూకన్న సరంగుకి ఇని ఇని ఇసుగొచ్చేసింది. నాకైతే గరిటెట్టి కొట్టాలనిపించేది.

మా పనేటో తెలీనోళ్ళకి ముందు సెప్తాను. డబ్బున్న మారాజులు ఏదో దేశంలో తెరసాప పడవ కొనుక్కుంటారు. ఆళ్ళేమో ఇమానంలో ఇంటికెళ్ళిపోతారు. ఆ పడవని సముద్రం దాటించి ఆళ్ళ రేవులో కట్టేసి రావడమే మా బతుకు. నూకన్న పడవ మొత్తానికి పెద్ద, అంటే సరంగు, ఎల్లాజీ శిష్యుడు, నేను వంటోణ్ణి. వంటోణ్ణంటే తేలిగ్గా సూడకండి. నా పులుసు వాసనకి సొరసేపలు పడవెనకాల బంతి కట్టి వచ్చేవి. తుఫానులో ఒక సేత్తో సుక్కాని పట్టి ఇంకో సేత్తో అట్లేసినోణ్ణి. అబద్ధమైతే ఎల్లి సముద్రాన్నే అడగండి.

ఆ ఏడు కొలంబో నించి మారిషస్‌కి పడవ తీసుకెళ్తన్నాం. అక్కడ ఇంకో పడవ సరంగు కోసం సూస్తా ఉంది. గురువు ఎవడి పేరు సెప్తే ఆడిదే ఆ పడవ. ఎల్లాజీకి అదే దిగులు. ఈసారి కూడా తప్పిపోతే ఊరెళ్ళిపోయి, అన్నల ఎనకాల వలలు లాగుతానని ఒట్టేసి మరీ ఎక్కాడు.

సముద్రం మజ్జిలో, పడవని దానంతటదే తిప్పే మిషను సెడిపోయింది. ఈడు మళ్ళీ ఆ ముక్కే అడిగాడు. గురువు సుక్కాని ఆడి సేతిలో పెట్టి, "రేవు దాకా పడవ నీది. ఎవర్ని ఏ పనిలో పెట్టుకుంటావో నీ ఇష్టం" అని పక్కకి తప్పుకున్నాడు.

ఇంకేటుంది! కొత్త పెళ్ళాం సెయ్యి పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఒదల్డే!

"కాసేపు నాకియ్యరా, నడుం వాల్చు" అన్నాను.

"నువ్వు పులుసు కలిపినట్టు పడవని కలిపేస్తావు బావా. ఎల్లెల్లు."

సూసారా, నన్నంటాడా మాట! పోనీ గురువునైనా అడగరా అంటే, "ఆయన్నడిగితే నేనేం సరంగుని?" అన్నాడు. పొద్దుగూకింది, తెల్లారింది, మళ్ళీ పొద్దుగూకి మళ్ళీ తెల్లారింది. ఆడి కళ్ళు ఉడకబెట్టిన రొయ్యల్లా అయిపోయాయి. బతిమాలాను, తిట్టాను, సిగ్గొదిలి దణ్ణం కూడా పెట్టాను. గురువుకి మొర పెట్టుకుంటే, "పడవ ఆడిది కదరా, నన్నేం సెయ్యమంటావు?" అని నన్నే కసిరాడు. ఆడి పక్కనే కూకుని తాడు పేనుకుంటన్నాడు గానీ, ఆడి మీంచి కన్ను మాత్రం తియ్యలేదు.

ఆ మజ్జానం ఎల్లాజీ ఉన్నట్టుండి నవ్వాడు.

"బావా, అదిగో మనూరి రేవు! మా పెద్దమ్మ ఎండుసేపలు ఆరబెడతంది సూడు. సరంగునయ్యానని సెప్పొస్తాను."

సుట్టూ నీళ్ళే. పిట్ట కూడా లేదు.

"రేవేట్రా నీ మొహం..." అనేలోపే సుక్కాని ఒదిలేసి, పడవ అంచు దాటి ఒక కాలు నీళ్ళలో పెట్టేశాడు. నేను ఎగిరి ఆడి నడుం పట్టుకుని ఎనక్కి లాగాను. తెరసాప కింద అడ్డంగా ఉండే కర్ర గిర్రున తిరిగి మా నెత్తి మీంచి పోయింది. తగిలుంటే నాకేం కాదు, కర్రే ఇరిగేది. ఆడైతే సచ్చేవోడు.

గురువు అప్పటికే సుక్కాని అందుకున్నాడు. పడవని దారిలో పెట్టి, ఆణ్ణి తెచ్చి మళ్ళీ సుక్కాని ముందే కూకోబెట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఎల్లాజీ తడిసిన కాలు సూసుకున్నాడు. సుక్కాని మీద సెయ్యేశాడు. తీశాడు. నాకేసి తిరిగాడు.

"బావా, నువ్వు పట్టుకో. గాలి నీ కుడిసెంపకి తగులుతా ఉండాలి. మారితే నన్ను లేపు."

అంతే, అక్కడే నా కాళ్ళ దగ్గర పడి తొంగున్నాడు. నేను పట్టాను. నేను పట్టానంటే గాలి కూడా ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఈస్తాది.

లేచాక ఆడు గురువు ముందు తలొంచుకుని కూకున్నాడు. "గురువా, నా సరంగుతనం నీళ్ళ పాలైపోయింది కదా?"

గురువు పేనుతున్న తాడు పక్కన పడేసి ఇసుగ్గా సూశాడు.

"పోడానికి నీ దగ్గర ఏటుందిరా? ఈడికి సుక్కాని ఇచ్చి గుర్రెట్టావు సూడు, ఆ కాసేపే నువ్వు ఈ పడవకి సరంగువి."