మిద్దెకు తాళం

మేలు చేసినా మనుషులు ఎందుకు మొహం చాటేస్తున్నారో ఓబులేసుకు అంతుపట్టలేదు. ఆ బాధ చెప్పుకోడానికే మిట్టమధ్యాహ్నం ఎండలో పడి దస్తగిరి తాత ఇంటికి వచ్చాడు.

దస్తగిరి తాత ఆదోనిలో పరుపులు కుట్టే దూదేకుల మనిషి. సూఫీ దారిలో నడిచినవాడు. మసీదుకు పోయేవాళ్లూ గుడికి పోయేవాళ్లూ ఆయన్ని గురువనే అనుకుంటారు. ఆయన మాత్రం సూదీ దారం వదల్లేదు. ఓబులేసు పేదలకు ఇళ్లు కట్టించే ఒక సంస్థలో ఇంజనీరు. ఉద్యోగంలో చేరకముందు నుంచీ తాతకు శిష్యుడు.

తాత ఒక కొత్త పరుపుకు చివరి కుట్లు వేస్తున్నాడు. ఓబులేసు ఎదురుగా కూర్చుని గోడు వెళ్లబోసుకున్నాడు.

ఊరి బయట కాలనీలో అన్నీ ఒంటిగది స్లాబు ఇళ్లు. ఎండాకాలం లోపల కూర్చుంటే పెనం మీద కూర్చున్నట్టే. ఫ్యాన్లు పొద్దంతా తిరిగినా వేడిగాలే, కరెంటు బిల్లు మాత్రం కొండెక్కేది. ఓబులేసు పై అధికారుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగి, మిద్దెలన్నిటికీ ఎండను తిప్పికొట్టే తెల్లపూత వేయించాడు. ఇళ్లు నిజంగానే చల్లబడ్డాయి. మధ్యాహ్నం పూట ఫ్యాను ఆపి అన్నం తినే రోజు వచ్చింది. ఇంతవరకూ అతన్ని వేలెత్తి చూపడానికి ఏమీ లేదు.

చిక్కు ఆ తర్వాత మొదలైంది. ఆ జనం మిద్దెల మీదే మిరపకాయలు ఆరబోస్తారు, చింతపండు గింజ తీస్తారు, చీకటి పడితే చాపలు పరుచుకుని పడుకుంటారు. పూత మాసిపోతే ఎండను తిప్పికొట్టదు. పైగా పెద్ద అధికారులు చూడటానికి వస్తున్నారు. వాళ్లకు నచ్చితే జిల్లాలో పేదల ఇళ్లన్నిటికీ ఈ పూత వస్తుంది. అందుకని ఓబులేసు ఇనుప మెట్లకు గేట్లు పెట్టించి తాళాలు వేయించాడు. తాళం పగలగొడితే పట్టా పోతుందని ఒక మాట కూడా అనిపించాడు.

అప్పట్నుంచీ అతను వీధిలోకి వస్తే తలుపులు మూసుకుంటున్నారు. మద్దిలేటి అనే హమాలీ సంగతి చెప్పేటప్పుడైతే ఓబులేసు కోపం దాచుకోలేకపోయాడు. మద్దిలేటి తాళంచెవి కావాలని ఆఫీసుకు వచ్చాడట. ఓబులేసు కసురుకోకుండా కుర్చీ వేసి కూర్చోబెట్టి, పూత ఎలా పనిచేస్తుందో బొమ్మ గీసి మరీ చెప్పాడట. వాడు అంతా విని, నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. నిన్న ఎదురుపడితే ఉమ్మేసి పక్కకు తిరిగాడు.

"చల్లని ఇల్లు ఇచ్చినందుకా తాతా ఇది?"

తాత దారం కొరికి, పరుపు విదిలించి గోడవారగా పరిచాడు. తెల్లటి గలేబు, చెయ్యి వేస్తే మెత్తగా దిగే కొత్త దూది. ఎండన పడి వచ్చినావు, కాసేపు నడుం వాల్చమన్నాడు. ఓబులేసు పరుపు మీద మోకాలు ఆనించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"దాని మీద కాదప్పా. మాసిపోతాది. పక్కన బండల మీద పండుకో."

గురువు మాట కాదనలేక ఓబులేసు బండల మీద పడుకున్నాడు. వీపుకు రాయి ఒత్తుకుంటోంది, తల కింద దిండు కూడా లేదు. చెయ్యి చాపితే అందే దూరంలో పరుపు ఖాళీగా ఉంది. తాత దాని పక్కనే కూర్చుని, వాలిన ఈగను కూడా తోలుతున్నాడు. ఓబులేసుకు ఒళ్లు మండింది. లేచి కూర్చున్నాడు.

"మనిషి పండుకోగూడకపోతే ఇంక పరుపెందుకు తాతా?"

అనేశాక ఆ మాట తనకే తగిలింది. తలవంచుకుని, ఈ సాయంత్రమే పోయి తాళాలు తీయిస్తానన్నాడు. ఇంత తొందరగా అర్థం చేసుకున్నందుకు గురువు మెచ్చుకుంటాడని లోలోపల ఆశపడ్డాడు కూడా, పాపం.

తాత మెచ్చుకోలేదు. పరుపు చుట్టచుట్టి తాడు కట్టాడు. ఇది మద్దిలేటి చెప్పి కుట్టించుకున్న పరుపేనన్నాడు. వాళ్లమ్మ సుంకమ్మకు ఆయాసం. ఆరుగురు పడుకునే ఆ గదిలో ఆమెకు ఊపిరి ఆడదు. ఇంటి ముందు మురుక్కాలవ, మంచం వేసే చోటు లేదు. అందుకని పొద్దుగూకగానే కొడుకు ఆమెను వీపున వేసుకుని మిద్దె ఎక్కించేవాడు. మొన్న గాలిదుమారానికి తీగలు తెగి రాత్రంతా కరెంటు లేదు. తెల్లారేసరికి సుంకమ్మ లేదు. పరుపు ఇంక వద్దని కొడుకు వచ్చి చెప్పిపోయాడు. పట్టిన పని సగంలో వదలలేక తాత ముగించాడు.

అప్పుడు కూడా ఓబులేసు మాట తన వైపే లాక్కుంది.

"నాకెవరూ చెప్పలేదు తాతా. వాడన్నా ఒక్క మాట చెప్పింటే..."

"చెప్పినాడు కదప్పా," అన్నాడు తాత. "తాళంచెవి అడిగినాడు."