వేడికి తెలియని తేడా

కుముద ఏడాదిగా కంప్యూటర్‌లో ఒక వింత గుంపును వేడిచేస్తోంది.

ఆ గుంపులో రెండు జాతుల పరమాణువులు. బోసాన్లకు కలివిడితనం ఎక్కువ, వీలైతే అన్నీ ఒకేచోట చేరతాయి. ఫెర్మియాన్లకు పక్కవాడి నీడ కూడా గిట్టదు, ఒకటున్న చోట ఇంకొకటి అడుగుపెట్టదు. బరువులో మాత్రం రెండూ సమానం. వీటిని కలిపి, దారంలాంటి ఒకే వరుసలో నిలబెట్టి, కటిక చలి నుంచి మెల్లగా వేడెక్కిస్తే ఎంత వేడి తాగుతాయన్నదే ఆమె లెక్క. ఆ లెక్కను గీతగా గీస్తే, మిశ్రమం గీత ఒట్టి బోసాన్ల గీతకూ ఒట్టి ఫెర్మియాన్ల గీతకూ మధ్యలో ఎక్కడో పడుతుందని ధీమాగా ఉంది.

ఆ ఉదయం, అవి ఒకదాన్నొకటి నెట్టుకునే బలాన్ని చివరిదాకా పెంచింది. మిశ్రమం గీత వెళ్లి ఒట్టి ఫెర్మియాన్ల గీత మీద అచ్చుగుద్దినట్టు కూర్చుంది.

కలివిడి బోసాన్లు ఏమైపోయినట్టు? ప్రోగ్రాం మొదటినుంచీ వెతికితే తప్పు దొరకలేదు. మర్నాడే సెమినార్. ఇది నిజమైతే పండగ, తప్పైతే ఏడాది కష్టం గంగలో కలిసినట్టే. ల్యాప్‌టాప్ మూయకుండానే చేతుల్లో పట్టుకుని మెట్లు దిగి పరుగెత్తింది.

"ఏటమ్మా ఆ పరుగు?" అన్నారు జగ్గునాయుడు మాస్టారు.

ఆయన ఆమె గైడు. ప్రశ్న అడిగినవాళ్లకు జవాబు చెప్పకుండా పని చెప్పడం ఆయన అలవాటు. సాంతం విన్నారు గానీ గీతల వైపు చూడనైనా చూడలేదు.

"ఇర్ఫాన్‌నీ మాణిక్యాన్నీ పిలు."

ఇద్దరూ ఆమె తోటి స్కాలర్లే. ఇర్ఫాన్ ఎదుటివాడి భుజమ్మీద చెయ్యి వేయకుండా మాట్లాడలేడు. మాణిక్యం క్యాంటీన్లో ఖాళీ బల్ల దొరికేదాకా ప్లేటు పట్టుకుని నిలబడే రకం.

ల్యాబ్‌కీ పొట్టి ప్రహరీగోడకీ మధ్య, ఒరుసుకుంటే తప్ప ఇద్దరు పట్టని సందు ఉంది. మాస్టారు ఇద్దర్నీ చెరో కొసన నిలబెట్టి, చెవిలో ఏదో చెప్పి వచ్చారు. కుముదను గోడకు ఇవతల, వీపు అటు పెట్టి నిలబడమన్నారు.

"అడుగులు విని చెప్పమ్మా. ఎదురుపడ్డాక ఒకర్నొకరు దాటుకుపోతున్నారా, ఎవరికి వారు వెనక్కి తిరుగుతున్నారా?"

ఇద్దరివీ ఒకే రకం రబ్బరు చెప్పులు. టపటపమంటూ అడుగులు దగ్గరయ్యాయి, కలిశాయి, మళ్లీ ఒకటి అటు, ఒకటి ఇటు దూరమయ్యాయి.

"తెలీలేదు మాస్టారూ."

"పరుగెత్తండ్రా!" అని ఆయన చప్పట్లు కొట్టారు.

అడుగులు జోరందుకున్నాయి. వస్తున్నాయి, కలుస్తున్నాయి, పోతున్నాయి. కుముద చెవులు రిక్కించింది.

"తిరిగినా, దాటినా అడుగులు అవే! జోరూ అదే! అంత గట్టిగా నెట్టుకుంటే బోసాన్లు కూడా ఒకచోట చేరలేవు, వేడి లెక్కపెట్టేది ఆ జోరునే! నా గీత తప్పు కాదు మాస్టారూ!" ల్యాప్‌టాప్ చేతిలో ఉందన్న సంగతే మరిచి గంతేసింది. "అంటే ఆ రెండు జాతులకీ తేడానే లేదు! రేపు ఇదే చెప్పేస్తాను!"

"తేడా లేదా? ఎవరికమ్మా?" అన్నారు మాస్టారు.

కుముద అటు తిరిగి గోడ మీదుగా తొంగిచూసింది.

సందు మధ్యలో ఇర్ఫాన్ రొప్పుతూ, పకపకా నవ్వుతూ, మాణిక్యం వైపు రెండు చేతులూ చాచి ఉన్నాడు. మాణిక్యం వీపంతా సున్నం అంటుకునేలా గోడకు కరుచుకుపోయి, ఆ చేతులకు జానెడు దూరంలో ఊపిరి బిగబట్టి ఉన్నాడు.

చెవికి ఒకటే అయిన ఆ ఇద్దర్నీ ఆమె ఈసారి కళ్లతో చూసింది.

మర్నాడు సెమినార్‌లో మాస్టారు చివరి వరుసలో కళ్లు మూసుకుని వింటున్నారు. రెండు గీతలూ ఒకటైన బొమ్మ దగ్గర కుముద ఆగింది.

"తేడా లేక కాదు, వేడికి వీళ్ల తేడా తెలియదు," అంది.

మాస్టారు కళ్లు తెరిచారు.